పూర్వ యజమానిపై విక్రయ కమీషను దావా

నిర్వచనము, పరిధి

అమ్మకములు చేయించిన ఉద్యోగికి గాని ప్రతినిధికి గాని, అతడు సాధించిన విక్రయపు విలువపై ఒప్పుకొన్న శాతము చొప్పుననో, బండికింత ప్లాటుకింత యను లెక్కననో, టార్గెటు దాటిన పిమ్మట మెట్టుమెట్టునకు పెరుగు స్లాబుల ప్రకారముననో సంస్థ చెల్లించు ప్రతిఫలమునకు విక్రయ కమీషనని పేరు. ఇన్సెంటివు, వేరియబుల్ పే అను పేర్లతో వ్యవహారమందున్నవి పెక్కులు దీని రూపాంతరములే యైనను, సంస్థ తన ఇష్టానుసారముగా ఇచ్చు బహుమతిని అడుగు హక్కు ఉద్యోగికి లేదు. లెక్కకట్టి తేల్చదగిన కమీషను మాత్రము ఋణముతో సమానము. ఉద్యోగము మానిన పిమ్మట గాని, మాన్పింపబడిన పిమ్మట గాని ఈ ఋణము తీరక నిలిచినప్పుడు పూర్వ యజమానిపై న్యాయస్థానమునో కార్మికశాఖాధికారినో ఆశ్రయింపవలెనా, ఆశ్రయించినచో ఏ మార్గమున, ఎప్పటిలోగా అను ప్రశ్నలు ఈ వ్యాసమునకు విషయము.

స్థానిక నేపథ్యము: అల్వాలు

సికింద్రాబాదు కంటోన్మెంటునకు ఉత్తరమున, లోతుకుంట, బొల్లారము, మచ్చబొల్లారముల సరసను, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి వెంబడి నున్న అల్వాలు, మునుపు రంగారెడ్డి జిల్లాలో ప్రత్యేక పురపాలక సంఘముగా నుండి, 2007 లో గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో విలీనమై, 2016 అక్టోబరు నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణమున మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరెను. తూంకుంట, శామీరుపేట దిక్కున వెలసిన ప్లాట్ల వెంచర్లు, అపార్టుమెంట్ల నిర్మాణ సంస్థలు, వాహనముల షోరూములు, మందుల కంపెనీలు, బీమా, బ్యాంకు ఋణముల విక్రయము ఈ ప్రాంతమున కమీషను జీవనమునకు ముఖ్యస్థానములు.

చిరునామాలో సికింద్రాబాదని వ్రాసుకొను వాడుక అల్వాలువాసులలో స్థిరపడినది గాని, న్యాయపరిధి తపాలా చిరునామాను అనుసరింపదు. తెలంగాణ రాష్ట్రమందు 33 న్యాయజిల్లాలు 2022 జూన్ 2 న ఏర్పడిన పిమ్మట అల్వాలు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా న్యాయస్థానముల పరిధికి చెందును. కావున సికింద్రాబాదులోని సిటీ సివిల్ కోర్టుకు పోవలెనా, మల్కాజిగిరి దిక్కునకు పోవలెనా యనునది, సంస్థ కార్యాలయ మెచ్చట నున్నది, పని ఎచ్చట జరిగినది అను విషయములను బట్టి దావా వేయుటకు ముందే తేల్చుకొనవలసిన సంగతి (చూ. సివిల్ దావా).

ఉద్యోగియా, ఏజెంటా

కమీషను వివాదములలో సంస్థ తరఫున సాధారణముగా వినవచ్చు మొదటి వాదము "ఆయన మా ఉద్యోగి కాడు" అనునది. నియామక పత్రము, హాజరు, సెలవులు, భవిష్యనిధి సంఖ్య, పై అధికారి ఆజ్ఞలకు లోబడి పనిచేయుట మున్నగునవి ఉద్యోగ సంబంధమును సూచించును. తన వేళలు తానే నిర్ణయించుకొని, పలు సంస్థల సరకు నమ్ముచు, జీతము లేక కమీషను మాత్రమే పొందువాడు ఏజెంటు. ఇందుకు ఆదాయపు పన్ను లెక్కలు మంచి ఆనవాలు: సంస్థ ఆ సొమ్మును జీతముగా చూపి పన్ను మినహాయించినదా, లేక 2026 మార్చి వరకు అమలులోనున్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టపు 194హెచ్ సెక్షను క్రింద కమీషనుగా చూపినదా యనునది ఫారము 26ఏఎస్ లో కనబడును. సంస్థ తన చేతితో పన్నుశాఖకు పంపిన లెక్కను పిదప న్యాయస్థానమున కాదనుట కష్టము. ఉద్యోగపు ఒప్పందము ప్రకారము నిర్ణీత శాతమున సేల్సుమనులకు చెల్లించు కమీషను జీతములో భాగమేయని సుప్రీంకోర్టు గెస్టెట్నర్ డూప్లికేటర్స్ వ్యాజ్యమున నిర్ణయించియున్నది. అది ఆదాయపు పన్ను చట్టమునకు సంబంధించిన తీర్పే యైనను, కమీషను స్వభావమును గూర్చిన చర్చలలో ప్రమాణముగా ఉదాహరింపబడుచుండును.

ఏజెంటు యొక్క హక్కులు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు పదవ అధ్యాయమున గలవు. విరుద్ధమైన ఒప్పందము లేనియెడల, అప్పగించిన పని పూర్తియగువరకు ప్రతిఫలము బాకీపడదని 219 వ సెక్షనును, దుష్ప్రవర్తనకు లోనైన భాగమునకు ప్రతిఫలము దక్కదని 220 వ సెక్షనును చెప్పుచున్నవి. స్థిరాస్తి రంగమున మరియొక చిక్కు కలదు. రెరా చట్టము (2016) ప్రకారము నమోదిత ప్రాజెక్టులోని ప్లాటును గాని ఫ్లాటును గాని అమ్మించు ఏజెంటు తానును నమోదు కావలెను. నమోదు కాని వాడు కమీషనుకై దావా వేసినచో, ఒప్పందమే చట్టవిరుద్ధమను వాదము ఎదురగుట సహజము.

కమీషను చేకూరు తేదీ

కమీషను దావా యొక్క ప్రాణము కమీషను ఏనాడు చేకూరినదను ప్రశ్నలోనున్నది. మిగిలిన వివాదములన్నియు దీనిచుట్టు తిరుగునవే. ఆర్డరు తెచ్చిన నాడా, బిల్లు వేసిన నాడా, సరకు దిగిన నాడా, సొమ్ము వసూలైన నాడా యనుటకు చట్టము సమాధానము చెప్పదు, ఒప్పందము చెప్పవలెను. మన చిన్న, మధ్యతరగతి సంస్థలలో ఒప్పందము పెక్కుసార్లు ఆఫరు లెటరులోని ఒక వాక్యముగానో, నెలనెలా మారు ఇన్సెంటివు పట్టికగానో, వాట్సాప్‌లో మేనేజరు పంపిన ఫొటోగానో ఉండును.

ప్లాట్ల వ్యాపారమందలి క్రమమును దగ్గరగా చూచిన ఈ ప్రశ్న విశదమగును. కొనుగోలుదారు మొదట టోకెను చెల్లించి ప్లాటు ఆపుకొనును, కొన్ని వారములకు అగ్రిమెంటు, పిదప కిస్తులు, తుదకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున రిజిస్ట్రేషను. ఉదాహరణకు, 200 గజముల ప్లాటు గజము 25,000 రూపాయల వంతున 50 లక్షలకు అమ్ముడై, కమీషను 2 శాతమనుకొందము: మొత్తము లక్ష రూపాయలు. అగ్రిమెంటు అయి, సగము సొమ్ము జమయైన పిమ్మట సేల్స్ ఎగ్జిక్యూటివు రాజీనామా చేసెను. వసూళ్లపై కమీషనని ఒప్పందమున్నచో 50,000 రూపాయలు అప్పటికే చేకూరినవి. మిగిలిన 50,000, తరువాతి వసూళ్లు అతని పూర్వకృషి ఫలమని నిరూపించుకొను శక్తిపై ఆధారపడును. రిజిస్ట్రేషను పిదపనే కమీషనని ఉన్నచో, అది కాంట్రాక్టు చట్టపు పరిభాషలో షరతుపై ఆధారపడిన ఒప్పందము; షరతు నెరవేరిన నాడు మొత్తము లక్షయు అడుగవచ్చును, నెరవేరకున్న ఏమియు రాదు. సంస్థయే కావలెనని రిజిస్ట్రేషనును వాయిదా వేసినచో, తాను కల్పించిన లోపమునుండి తానే లాభము పొందరాదను సూత్రము ఉద్యోగికి అక్కఱకు వచ్చును. కొనుగోలుదారు బుకింగు రద్దుచేసికొన్నచో, ఇచ్చిన కమీషనును తిరిగి పట్టుకొను నిబంధన పలు సంస్థలలో కలదు. వ్రాతపూర్వకముగా నున్నచో అదియు చెల్లును.

ఇక అన్నింటికంటె వివాదాస్పదమైనది "చెల్లింపు తేదీనాటికి ఉద్యోగములో నున్నవారికే" అను నిబంధన. భవిష్యత్తున నిలుపుకొనుటకై ఇచ్చు బోనసునకు ఇట్టి షరతు సమంజసమే. కాని పని పూర్తియై, సొమ్ము సంస్థ ఖాతాలో పడిన పిమ్మట, చెల్లింపు తేదీని మాత్రము ముందుకు నెట్టి, ఈలోపల ఉద్యోగిని పంపివేసి, కమీషను ఎగవేయుట వేరు. ఈ రెండింటిని ఒకే గాట కట్టు వాదమును అంగీకరింపనక్కరలేదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. బేరసారములలో సమబలము లేని పక్షముపై మోపిన అన్యాయపు షరతు ప్రజాహితవిరుద్ధమని సుప్రీంకోర్టు సెంట్రల్ ఇన్లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ వ్యాజ్యమున (1986) చెప్పెను. అది ప్రభుత్వరంగ సంస్థకు సంబంధించిన తీర్పగుటచే, ప్రైవేటు సంస్థలపై దాని నుపయోగించుట ప్రతి వ్యాజ్యపు వాస్తవములను బట్టి యుండును.

చట్టముల చరిత్ర

కూలి, జీతముల చెల్లింపునకు భారతదేశమున ప్రత్యేక శాసనము, విట్లీ అధ్యక్షతన 1929 లో నియమితమైన రాయల్ కమిషను 1931 లో సమర్పించిన నివేదిక ఫలితముగా, 1936 లో వేతన చెల్లింపు చట్టరూపమున వెలసెను. ఆదియందు నెలకు 200 రూపాయలలోపు వేతనము గలవారికే వర్తించిన ఈ చట్టపు పరిమితి పలుమారులు పెంపబడి, 2017 ఆగస్టున 24,000 రూపాయలకు చేరెను. దీని వేతన నిర్వచనమున కమీషను పేరెత్తి మినహాయింపబడలేదు. ఒప్పందపు షరతులు నెరవేరినచో చెల్లవలసిన ప్రతిఫలమంతయు వేతనమేయని యుండెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున 1984 నుండి అమలైన సవరణ, అమ్మకముల వృద్ధికై చెల్లు కమీషనును స్పష్టముగా వేతనములో చేర్చెను.

అయితే అమ్మకముల ఉద్యోగి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము "వర్క్‌మన్" కాగలడా యనునది వేరు ప్రశ్న. మందుల కంపెనీల ప్రతినిధులు ఆ నిర్వచనమునకు రారని మే అండ్ బేకర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వారి కొరకు 1976 లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల సేవానిబంధనల చట్టము వచ్చెను. 1987 నుండి అమలైన సవరణతో దాని పరిధి విస్తరించెను. 1994 లో హెచ్.ఆర్. అధ్యంతయ–శాండోజ్ వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ పరిణామమునంతయు పరిశీలించి, అమ్మకములకై ప్రచారము చేయుట దానంతట అది పారిశ్రామిక వివాదముల చట్టమందలి పనుల జాబితాలోనికి రాదని నిర్ణయించెను. దుకాణముల ఉద్యోగులకు ఉమ్మడి రాష్ట్రమున చేయబడిన 1988 నాటి దుకాణములు, సంస్థల చట్టమును తెలంగాణ స్వీకరించినది.

ప్రస్తుత స్థితి: వేతన స్మృతి

2019 నాటి వేతన స్మృతియు, మిగిలిన మూడు కార్మిక స్మృతులును 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చినవి. 1936, 1947, 1976 చట్టములు వీనితో రద్దయ్యెను. మార్పు రెండు వైపుల నున్నది. వేతన పరిమితి తొలగి, పర్యవేక్షక, నిర్వాహక పదవులలోని వారితో సహా ఉద్యోగులందఱును స్మృతి పరిధిలోనికి వచ్చిరి. రాజీనామాయైనను, తొలగింపైనను, రెండు పని దినములలో వేతనము చెల్లింపవలెను. అధికారి యెదుట క్లెయిము వేయుటకు గడువు మూడు సంవత్సరములు. తేలిన మొత్తమునకు పదిరెట్ల వరకు పరిహారము విధింపవచ్చును. కాని అదే స్మృతి, ఉద్యోగికి చెల్లు కమీషనును వేతన నిర్వచనమునుండి మినహాయించినది.

ఈ మినహాయింపునకు ఒక హద్దు గలదు. మినహాయింపబడిన అంశముల మొత్తము, మొత్తము ప్రతిఫలములో సగమును మించినచో, మించిన భాగము వేతనముగా భావింపబడును. నెలకు 12,000 జీతమును, 30,000 కమీషనును గల సేల్సుమనును తీసికొన్నచో, మొత్తము 42,000 లో సగము 21,000; కమీషను దీనిని 9,000 మించుచున్నది గాన, అతని వేతనము 21,000 గా లెక్కింపబడును. చెల్లని కమీషను పూర్తిగా ఈ స్మృతి క్రింద రాబట్టుకొనదగినదా, మించిన భాగము మాత్రమేనా యను విషయమున వాదములకు విశేషావకాశము గలదు. కేవలము కమీషనుకై కార్మికాధికారిని నమ్ముకొని మూడేండ్లు గడిపివేసి, అధికారి "నా పరిధి కాదు" అన్న తరువాత సివిల్ కోర్టునకు పోవువాని పరిస్థితి దయనీయము. జీతము, సెలవుల నగదు, కమీషను మూడును బాకీయున్నవాడు వీనిని ఆదియందే వేరుపరచుకొనుట మేలు.

మార్గములు

కార్మికశాఖ. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్సు వద్ద టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవనమున కార్మికశాఖ ప్రధాన కార్యాలయము గలదు. ఇచట వకీలు లేకయే అర్జీ పెట్టుకొనవచ్చును. అధికారి సంస్థను పిలిపించి మాటాడుటతోనే పరిష్కారమగు వివాదములును గలవు.

సివిల్ దావా. కాంట్రాక్టు చట్టపు 73 వ సెక్షను ప్రకారము ఒప్పంద భంగమునకు పరిహారమును, కమీషను బకాయిని వడ్డీతో సహా కోరవచ్చును. వ్రాతపూర్వకమైన ఒప్పందముపై లెక్క తేలిన మొత్తమైనచో సివిల్ ప్రొసీజర్ కోడు 37 వ ఆర్డరు క్రింది సంక్షిప్త దావాకు వీలుకలదు. ఇందు ప్రతివాది కోర్టు అనుమతి లేనిదే వాదింపజాలడు. లెక్కలు సంస్థ పుస్తకములలో మాత్రమే యున్నచో ఖాతాలు తేల్చుమని కోరుచు సాధారణ దావా వేయుట తగును. కోర్టు ఫీజు కోరిన మొత్తమును బట్టి పెరుగును. లోక్ అదాలతులో రాజీపడినచో అది తిరిగి వచ్చును. వేతన స్మృతి క్రింద రాబట్టుకొనదగిన మొత్తమునకు సివిల్ దావా చెల్లదను నిషేధమును వకీలు ముందుగా చూచుకొనవలెను.

సంస్థ ప్రధాన కార్యాలయము ముంబయిలోనో బెంగుళూరులోనో ఉన్నను, అల్వాలులోని శాఖలో పని జరిగినచో ఇక్కడనే దావాకు కారణము పుట్టినట్లగును. కాని నియామక పత్రమున "వివాదములు ముంబయి న్యాయస్థానములందు మాత్రమే" అని యున్నచో, ఆ నిబంధన ఉద్యోగ ఒప్పందములలోను చెల్లునని సుప్రీంకోర్టు రాకేశ్ కుమార్ వర్మ–హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు వ్యాజ్యమున 2025 ఏప్రిలులో తేల్చెను. 60,000 రూపాయల కమీషనుకై ముంబయికి వాయిదాలకు తిరుగుట సామాన్యునకు సాధ్యమా? ఈ యొక్క వాక్యము పెక్కు దావాలను పుట్టకమునుపే చంపుచున్నది. మధ్యవర్తిత్వ నిబంధన యున్నచో 1996 చట్టపు 8 వ సెక్షను క్రింద కోర్టు పక్షములను ఆ మార్గమునకు పంపును.

ఏజెంటుకు మరి రెండు ద్వారములు గలవు. అతని ఒప్పందము వ్యాపార ఏజెన్సీ కోవకు చెంది, వివాదము మూడు లక్షలకు తగ్గనిదైనచో వాణిజ్య న్యాయస్థానముల చట్టము వర్తింపవచ్చును. అత్యవసర ఉపశమనము కోరనియెడల దావాకు ముందు మధ్యస్థత (మీడియేషను) తప్పనిసరి. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ సంస్థయైనచో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము క్రింద, జాప్యమైన చెల్లింపునకు బ్యాంకు రేటుకు మూడురెట్ల చక్రవడ్డీతో కోరవచ్చును. ఉద్యోగికి ఈ రెండును లేవు.

పోలీసు ఫిర్యాదు మార్గము కాదు. చెల్లని బాకీని మోసముగా చూపి సంస్థను భయపెట్టజూచు ప్రయత్నమును ఉన్నత న్యాయస్థానములు పలుమారులు గర్హించినవి.

కాలపరిమితి

1963 నాటి పరిమితి చట్టము ప్రకారము జీతమునకైనను, ఒప్పంద భంగమునకైనను దావా మూడు సంవత్సరములలో వేయవలెను. ఈ గడువు ఉద్యోగము మానిన నాటినుండి గాక, ఒక్కొక్క కమీషను బాకీపడిన నాటినుండి వేర్వేరుగా నడచును; రెండేండ్లు బాకీ పెట్టి, "చూద్దాము" అని త్రిప్పిన సంస్థ విషయమున తొలినాళ్ల కమీషనుకు మొదట కాలదోషము పట్టును. గడువు లోపల సంస్థ వ్రాతపూర్వకముగా బాకీ నంగీకరించినచో 18 వ సెక్షను క్రిందను, కొంత చెల్లించినచో 19 వ సెక్షను క్రిందను క్రొత్త గడువు మొదలగును. "వచ్చే నెల మీ ఇన్సెంటివ్ క్లియర్ చేస్తాము" అని హెచ్‌ఆర్ విభాగము పంపిన ఇ-మెయిలు ఈ కారణమున ఎంతో విలువగలది. లాయరు నోటీసు పంపినంతమాత్రమున గడువు ఆగదు.

సాక్ష్యము

ఆఫరు లెటరు, ఇన్సెంటివు పట్టికలు, జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా వివరములు, కొనుగోలుదారుల రసీదు సంఖ్యలు, టార్గెటు సాధించినట్లు అభినందించు సందేశములు ముఖ్యములు. అంతకుముందు అదే లెక్కన చెల్లించిన నెలల చీటీలు, మాటపై నడచిన ఒప్పందమును నిరూపించుటకు వ్రాతపత్రమంతటి బలము గలవి. వాట్సాప్, ఇ-మెయిలు సందేశములకు భారతీయ సాక్ష్య అధినియమము (2023) 63 వ సెక్షను కోరు ధ్రువపత్రము జతపరచవలెను. పాత సాక్ష్య చట్టపు 65బి క్రింద ఇట్టి పత్రము తప్పనిసరియని అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ వ్యాజ్యమున (2020) సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఫోను మార్చుకొనుటతోనే కేసు పోగొట్టుకొన్నవారు గలరు.

ఉద్యోగము మానిన నాడే కంపెనీ ఇ-మెయిలు మూతపడును గనుక, తనకు సంబంధించిన కమీషను పత్రముల ప్రతులు అంతకుముందే ఉంచుకొనవలెను. గ్రాహకుల జాబితాను మొత్తముగా ఎత్తుకొనిపోవుట మాత్రము సంస్థకు ఎదురుదావా వేయు అవకాశమిచ్చును. మిగిలిన పత్రములను కోర్టు ద్వారా, 11 వ ఆర్డరు క్రింద సంస్థచేత చూపింపవచ్చును. చూపనిచో అవి సంస్థకు వ్యతిరేకములని కోర్టు ఊహింపవచ్చును.

సంస్థ చేయు ప్రతివాదములు

"ఫుల్ అండ్ ఫైనల్" పై సంతకము వీనిలో బలమైనది. రిలీవింగ్ లెటరు లేనిదే క్రొత్త ఉద్యోగము దొరకదను భయమున, ఇక నేమియు రావలసినది లేదను కాగితముపై సంతకము చేయువారు మిక్కుటము. కాంట్రాక్టు చట్టపు 63 వ సెక్షను ప్రకారము రావలసినదానిని వదలుకొను హక్కు ఎవరికైనను గలదు గనుక, ఒత్తిడి నిరూపించు బాధ్యత ఉద్యోగిపై పడును. "కమీషను బాకీ మినహా" అని చేతివ్రాతతో చేర్చి సంతకము చేసి, ఆ కాగితమునకు ఫొటో తీసికొనుట, లేక ఆనాడే ఇ-మెయిలు ద్వారా అభ్యంతరము తెలుపుట ఆ తరువాతి సంవత్సరముల వ్యాజ్యముకంటె సుళువు. నోటీసు పీరియడు సొమ్ము, అడ్వాన్సులు, రద్దయిన బుకింగుల కమీషను మున్నగువానిని సంస్థ చెల్లుబెట్టుకొన జూచును. వీనిని ముందుగానే తీసివేసి నికరముగా ఎంత మిగులునో లెక్కించుకొనని వాది కోర్టులో నివ్వెరపడును.

నిర్ణయము

న్యాయవాదులు చెప్పు క్రమము సామాన్యముగా ఇది: ముందు లెక్క, పిదప ఉత్తరము, పిదప నోటీసు, తుదకు దావా. అమ్మకముల పట్టికతో సహా, తేదీలవారీగా, ఒక పుటలో ఇమిడిన ఉత్తరము చాల పర్యాయములు లాయరు నోటీసుకంటె ఫలమిచ్చును. ఏలయనగా అది పోవునది లెక్కలు తెలిసిన అకౌంట్సు విభాగమునకు, నోటీసు పోవునది జవాబుగా నోటీసు పంపు లీగల్ విభాగమునకు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుండి స్పీడ్ పోస్టులో విలీనమైనందున, నోటీసులు ఇపుడు స్పీడ్ పోస్టు ద్వారా బట్వాడా రుజువుతో పంపబడుచున్నవి.

బాకీ కొద్దిదై, ఒప్పందము నోటిమాటదై, న్యాయపరిధి దూరనగరమైనచో దావా వేయక, ఉత్తరముతోను కార్మికశాఖ అర్జీతోను సరిపెట్టుకొనుట వివేకము. బాకీ పెద్దదై, వ్రాతపత్రములుండి, సొమ్ము సంస్థకు చేరినట్లు చూపగలిగి, గడువు మిగిలియున్నచో వెనుదీయుట నష్టము. ఈ రెంటి నడుమనున్న వ్యవహారములే అధికము. వానిలో సహోద్యోగులకును అదే బాకీ యున్నదా యని విచారించుట మంచిది. ఒకే పట్టికపై పలువురు అడిగినచో సంస్థ ఒక్కొక్కరి లోపముల నెత్తిచూపు వాదము బలహీనపడును. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును నియమించును. అదే రంగమున ఉద్యోగము వెదకుకొనువాడు రిఫరెన్సును గూర్చి భయపడుట సహజమే గాని, ఆ భయమున మూడేండ్లు మిన్నకుండినచో హక్కునకు కాలదోషము పట్టును.

డిక్రీ, అమలు

డిక్రీ చేతికి వచ్చుటతో సొమ్ము చేతికి రాదు. అమలు అర్జీ, వాడుకలో ఇ.పి., వేసి, సంస్థ బ్యాంకు ఖాతాలనో ఆస్తులనో జప్తు చేయింపవలెను. ఇందులకు పరిమితి చట్టము పండ్రెండేండ్లు గడువిచ్చుచున్నది. సంస్థ దివాలా దిశగా నడచుచున్నచో లెక్క మారును: 2016 నాటి దివాలా స్మృతి క్రింద ఉద్యోగపు బాకీ గలవాడు ఆపరేషనల్ ఋణదాతయే యైనను, ప్రక్రియ ప్రారంభమునకు కోరవలసిన కనీస బాకీ 2020 మార్చి నుండి కోటి రూపాయలగుటచే, ఒంటరి సేల్సుమనుకు ఆ ద్వారము దాదాపు మూసికొన్నది. ఇతరుల అర్జీపై హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు ధర్మాసనము ప్రక్రియను ప్రారంభించినచో, ప్రకటనలోని గడువు లోపల రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిము సమర్పింపవలెను. ఆస్తులు అమ్మి పంచు దశ వచ్చినచో, కార్మికులుగా పరిగణితులైనవారి 24 నెలల బాకీ హామీ గల ఋణదాతలతో సమస్థానమునను, ఇతర ఉద్యోగుల 12 నెలల బాకీ వారి తరువాతను నిలుచును.